సున్నమునకు తోడు: తాడిపత్రి రాతినుండి తెల్లపొడి వరకు

తాడిపత్రి పేరు చెప్పగానే తెలుగువారికి బండలు జ్ఞప్తికి వచ్చును. ఇంటి అరుగున పరచిన బండ, వంటింటి గట్టుపై అమర్చిన బండ, పాఠశాల వరండాలోని బండ, వీనిలో అనేకము పెన్నానది ఒడ్డుననున్న ఆ పట్టణపు చుట్టుప్రక్కల గనులనుండి వచ్చినవే. ఈ నాపరాయి రసాయన శాస్త్రజ్ఞుని దృష్టిలో ప్రధానముగా కాల్షియం కార్బొనేటు. మనము ఉదయముననే వాడు పండ్లపొడిలోను, వ్రాసికొను కాగితములోను, గోడకు పూయు రంగులోను, కడుపుమంటకు మ్రింగు మాత్రలోను సాధారణముగా ఉండు తెల్లని పొడియు కాల్షియం కార్బొనేటే.

రెండును ఒకటే అయినచో రాతిని దంచి, జల్లించి వాడుకొనరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. అట్లు విసరిన పొడిని వాడుటయు కలదు. కాని విసరిన పొడిలో రాతిలోని ఇసుక, మట్టి, ఇనుము అట్లే నిలిచిపోవును. రేణువుల ఆకారము కూడ మన చేతిలో ఉండదు. రాయి ఎట్లు పగిలిన అట్లే ఉండును. అందుచేత శుభ్రమైనదియు, కోరిన ఆకారము, కోరిన పరిమాణము కలదియు అగు పొడి కావలసినపుడు రాతిని పూర్తిగా విడగొట్టి నీటిలో మరల కట్టుదురు. ఇట్లు నీటిలో పుట్టి అడుగుకు దిగినదానిని అవక్షేపిత కాల్షియం కార్బొనేటు అందురు.

ఈ కట్టుటలో ఒక వింత కలదు. నీటిలో మరియొక ద్రవ్యము చిటికెడు చేరినను స్ఫటికముల ఆకారము, పరిమాణము, తుదకు జాతి సైతము మారిపోవును. కుండెడు పాలను చెంచాడు తోడు పెరుగుగా మార్చును గదా! సున్నమునకును అట్టి తోడు కలదు. అయితే పోలిక ఇంతవరకే. పాలలోని తోడు సజీవమైనది. తాను పెరుగుచు పాలను మార్చును. సున్నపు తోడు పెరుగదు. పెరుగుచున్న స్ఫటికమునకు అంటుకొని దాని దారిని మళ్ళించును. ఈ తోడు మర్మమును మానవుడు క్రమక్రమముగా ఎట్లు గ్రహించెనో, వానకు ముఖము వాచిన అనంతపురము మెట్టసీమకు అది ఏల అవసరమో చూతము.

రాయి ఎట్టిది?

తాడిపత్రి ప్రాంతము కడప శిలామండలపు పడమటి భాగమున కలదు. 1872లో భారత భూవిజ్ఞాన పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఆ శిలాశ్రేణులకు మన ఊళ్ళ పేర్లే వచ్చినవి. తాడిపత్రి పేరుగల శ్రేణి ఒకటి నేటికిని భూవిజ్ఞాన గ్రంథములలో కలదు. అయితే ఆ శ్రేణిలో పలకలవలె విడివడు షేలు రాయి ఎక్కువ. సున్నపురాయికై మనము మరి రెండు శ్రేణులను చూడవలెను.

ఒకటి కడప జిల్లాలోని వేంపల్లె పేరుతో పిలువబడునది. ఇది మిక్కిలి ప్రాచీనము. దీనిలో కాల్షియముతోపాటు మెగ్నీషియము కూడ విశేషముగా కలదు. అట్టి రాతిని డోలమైటు అందురు. రెండవది జమ్మలమడుగు ప్రాంతపు నార్జి గ్రామము పేరుగలది. ఇది తరువాతి కాలపుది. పొరలు పొరలుగా సాఫీగా విడివడును కనుక బండలకు అనుకూలమైనది. ఈ ప్రాంతపు సున్నపురాతి నిలువలను చూచియే 1990ల నుండి తాడిపత్రి పరిసరములలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. చూపునకు రెండును బూడిదవన్నె రాళ్ళే. కాని వేంపల్లె రాతిలోని మెగ్నీషియము, నార్జి రాతిలో అక్కడక్కడ ఉండు ఇసుకపాలు, రాయి తనతో తెచ్చుకొన్న పిలువని తోడులు. అవి ఏమి చేయునో ముందు తెలియగలదు.

విడగొట్టుట, మరల కట్టుట

సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినచో అది రెండుగా విడిపోవును. శుద్ధమైన రాయి 100 కిలోగ్రాములు కాల్చినచో 56 కిలోగ్రాముల కాల్చిన సున్నము మిగులును. 44 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, గాలిలో కలియును. రాతిబరువులో సగమునకు కొంచెము తక్కువ కంటికి కనబడకుండ ఎగిరిపోవుచున్నదన్నమాట. 1756లో స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్ త్రాసును చేతబట్టి ఈ సంగతిని తేటతెల్లము చేసెను. కాల్చినపుడు పోయిన బరువు ఒక వాయువుదనియు, ఆ వాయువును తిరిగి చేర్చినచో సున్నము మునుపటి పదార్థమే యగుననియు అతడు నిరూపించెను. రసాయన శాస్త్రము తూకముపై నిలబడుటకు ఈ ప్రయోగములు పునాదులైనవి.

కాల్చిన సున్నముపై నీరు పోసినచో కుతకుత ఉడికి, వేడి క్రక్కి, పొడిగా విచ్చుకొనును. ఇంకను నీరు కలిపినచో సున్నపు పాలు తయారగును. ఆ పాలలోనికి బొగ్గుపులుసు వాయువును బుడగలుగా పంపినచో సున్నము మరల కాల్షియం కార్బొనేటుగా మారును. బట్టీ పొగగొట్టమునుండి పోవు వాయువునే పట్టి వాడుకొనుట పరిశ్రమలలోని పరిపాటి. తీసినదానినే తిరిగి ఇచ్చుచున్నారు. అయినను పుట్టినది రాయి కాదు. మిల్లీమీటరులో వేయవ వంతు మొదలుకొని అంతకంటె సన్ననివైన కోట్లాది స్ఫటికముల ముద్ద.

మేస్త్రీలు ఎరిగిన తోడు

ఈ పనిని కర్మాగారములకు పూర్వమే మన మేస్త్రీలు గోడలపై చేసిరి. పూసిన సున్నము గట్టిపడుటకు కారణము అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చి కాల్షియం కార్బొనేటుగా మారుటయే. విజయనగర కాలపు దేవాలయ గోపురములలో క్రింది భాగము రాయి. పై అంతస్తులు సాధారణముగా ఇటుకయు సున్నమును. ఆ అంతస్తుల బొమ్మలన్నియు గచ్చుతో తీర్చినవే. శతాబ్దముల ఎండవానలకు అవి నిలిచినవనిన, నీటిలో కాక గోడమీద కట్టిన కాల్షియం కార్బొనేటు ఎంత గట్టిదో ఊహింపవచ్చును.

దక్షిణదేశపు మేస్త్రీలు సున్నమును గానుగలో రుబ్బునపుడు బెల్లపునీరు, కరక్కాయ నానబెట్టిన నీరు కలుపుట వాడుక. పాలరాతివలె మెరయు మద్రాసు గచ్చునకు గ్రుడ్డు తెల్లసొనయు వాడిరి. సెంట్ హెలినా ద్వీపపు గవర్నరు ఐజాక్ పైక్ మద్రాసులో మేలైన సున్నము తయారుచేయు విధమును వ్రాసి పంపగా, లండను రాయల్ సొసైటీ తన పత్రికలో 1732లో దానిని ప్రకటించెను. అందు బెల్లము, కరక్కాయ, తెల్లసొన, పెరుగు మున్నగువాని ప్రస్తావన కలదు. మన గానుగకాడి పద్ధతి అట్లు ఐరోపా శాస్త్రజ్ఞుల బల్లమీదికి చేరినది. కాని ఆ ద్రవ్యములు ఏమి చేయుచున్నవో ఆనాడు చెప్పగలవారు లేరు.

నేడు కొంత చెప్పగలము. చక్కెర సున్నముతో కలిసి, నీటిలో సున్నము మరింత కరుగునట్లు చేయును. కరక్కాయలోని వగరు పదార్థములు, అనగా టానిన్లు, కాల్షియముతో జతకట్టును. ఇట్టి పదార్థములు స్ఫటికములకు అంటుకొని వానిని పెద్దవి కానీయవు. పెద్ద స్ఫటికములు కొన్ని ఉండుటకంటె చిన్నవి అనేకము దగ్గరదగ్గరగా ఒదిగిన పూత బిగువుగా ఉండును. చైనాలో ప్రాచీనులు సున్నములో జిగురుబియ్యపు గంజి కలిపెడివారు. 2010లో ఝాంగ్ బింగ్‌జియాన్, ఆయన తోటివారు ప్రకటించిన పరిశోధనలో ఆ గంజిలోని అమైలోపెక్టిన్ అను పిండిపదార్థము కాల్షియం కార్బొనేటు స్ఫటికముల పెరుగుదలను అదుపుచేసి కట్టుబడిని బిగువు చేయునని తేలినది. బెల్లము మన ఇంట, గంజి వారి ఇంట దొరకినది, సూత్రము ఒక్కటే.

తెల్లపొడి కర్మాగారమునకు వచ్చుట

కాల్షియం కార్బొనేటును వ్యాపారమునకై అవక్షేపముగా తయారుచేయుట 1841లో ఇంగ్లండులో ఆరంభమైనది. స్టర్జ్ అను కంపెనీవారు పొటాషియం క్లోరేటు తయారుచేయుచుండిరి. ఆ పనిలో కాల్షియం క్లోరైడు నిరుపయోగముగా మిగిలెడిది. దానిని సోడాతో కలిపినచో తెల్లని కాల్షియం కార్బొనేటు దిగును. వ్యర్థమునుండి సరుకు పుట్టినది. 1898లో అదే కంపెనీ బర్మింగ్‌హాములో నెలకొల్పిన క్రొత్త కర్మాగారములో సున్నపు పాలలోనికి వాయువును పంపు పద్ధతి అవలంబింపబడెను. నేడు లోకమున ఎక్కువగా వాడుకలోనున్నది ఈ పద్ధతియే.

కాని ఒక చిక్కు కలదు. ఒకే రాయి, ఒకే బట్టీ, ఒకే తొట్టియైనను ఒకనాటి పొడి మరియొకనాటి పొడివలె ఉండకపోవచ్చును. ఒకనాడు సూదులవలె, ఒకనాడు పాచికలవలె, ఒకనాడు గుండ్రముగ. కొనువారు అట్టి సరుకును అంగీకరింపరు. ఈ తేడాలకు కారణము కర్మాగారములకంటె ముందే ప్రయోగశాలలలో వెదకబడెను.

ముగ్గురు తోబుట్టువులు

కాల్షియం కార్బొనేటు మూడు రకముల స్ఫటికములుగా కట్టుకొనును. మొదటిది కాల్సైటు; అన్నిటికంటె స్థిరమైనది, సున్నపురాతిలోను చలువరాతిలోను ఉండునది. రెండవది ఆరగొనైటు, దీని కట్టుబడి మరింత దట్టము, తరచు సూదులవలె పెరుగును. మూడవది వాటెరైటు, తరచు చిన్న గుండ్లుగా పుట్టును, కాని నీటిలో ఉంచినచో త్వరలోనే కరిగి కాల్సైటుగా మారును. ముగ్గురిలోను అణువులు అవియే. కూర్చుండిన వరుస వేరు.

1837లో జర్మనీలో గుస్తావ్ రోజ్ అను ఖనిజ శాస్త్రజ్ఞుడు చల్లని ద్రావణమునుండి కాల్సైటును, వేడి ద్రావణమునుండి ఆరగొనైటును రాబట్టెను. వేడిమి జాతిని నిర్ణయించగలదని తెలిసినది. 1858లో లండనులోని జార్జ్ రెయినీ అను శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు తుమ్మబంకను కలిపిన చిక్కని ద్రావణములో కాల్షియం కార్బొనేటును నెమ్మదిగా పుట్టించెను. అంచులు తేరిన స్ఫటికములకు బదులు గుండ్రని ముద్దలు వచ్చినవి. అవి గుల్లలలోను ఎముకలలోను కనబడు రూపములను పోలియుండుట చూచి అతడు ఆశ్చర్యపడెను. 1872లో హాలండు దేశపు పీటర్ హార్టింగ్ తెల్లసొనతో అట్టి పనినే మరింత విస్తారముగా చేసెను. మద్రాసు గచ్చులో మేస్త్రీ చేతినుండి పడిన తెల్లసొనయే హార్టింగ్ గాజుపాత్రలోనికిని చేరినదని మనము గమనింపవలెను. ఇద్దరికిని ఒకరి సంగతి మరియొకరికి తెలియదు.

1890లలో జర్మనీలోని థారాంట్ పట్టణమున హైన్రిక్ వాటెర్ ఈ విషయమునే పట్టుకొని కూర్చుండెను. ద్రావణములో తోడుగానున్న ఇతర లవణములు కాల్షియం కార్బొనేటు స్ఫటికములపై ఏ ప్రభావము చూపునో అతడు ఒక్కొక్కటిగా పరీక్షించి, ఆ ఫలితములను వరుసగా వ్యాసములలో ప్రకటించెను. మూడవ తోబుట్టువునకు వాటెరైటు అను పేరు అతని గౌరవార్థము పెట్టబడినదే. తోడును గూర్చి శ్రద్ధగా ఆలోచించిన వాని పేరు స్ఫటికమునకే నిలిచినది.

తోడు చేయు పని

స్ఫటికము పుట్టుటలో రెండు మెట్లు కలవు. మొదటిది బీజము ఏర్పడుట; కాల్షియము, కార్బొనేటు అయానులు కొన్ని కలిసి నిలదొక్కుకొన్న చిన్న ముద్ద బీజము. రెండవది పెరుగుట, బీజపు ముఖములపై క్రొత్త అయానులు మేస్త్రీ ఇటుకలు పేర్చినట్లు వరుసలు వరుసలుగా చేరును. బీజములు ఎక్కువైనచో పొడి సన్నగను, తక్కువైనచో ముతకగను ఉండును. అన్ని ముఖములు సమానముగా పెరిగినచో పాచిక. కొన్ని ముఖములు వెనుకబడినచో సూది లేక మొన.

తోడు ఈ రెండు మెట్లలోను జోక్యము చేసికొనును. ఇటుకల వరుస చివర ఎవరైన అడ్డముగా కూర్చుండినచో తరువాతి ఇటుక పెట్టుటకు వీలుండదు గదా. తోడు చేయునదియు అంతే. ముఖము మొత్తమును కప్పనక్కరలేదు. వరుసల చివరలను పట్టినచో చాలును. ఇంత స్వల్పమైన ద్రవ్యము అంత పని చేయుటకు ఇదియే కారణము.

మెగ్నీషియమును చూడుడు. దాని అయాను కాల్షియము కంటె చిన్నది. తన చుట్టునున్న నీటిని గట్టిగా పట్టుకొని సులభముగా వదలదు. అందుచేత కాల్సైటు పెరుగుదలకు అది అడ్డు తగులును. కాల్సైటు ఆగినచోట ఆరగొనైటు ముందుకు వచ్చును. సముద్రపు నీటిలో కాల్షియము అయాను ఒకటికి సుమారు ఐదు మెగ్నీషియము అయానులు ఉన్నవి. వెచ్చని సముద్రములలో ఆరగొనైటు దిగుటకు ఇది ముఖ్య కారణము. వేంపల్లె శ్రేణివంటి మెగ్నీషియపు రాతిని ఎరుగక బట్టీలో వేసినచో, కాల్సైటు కావలసినవానికి మరియొకటి దక్కు ప్రమాదము కలదు. ఆరగొనైటు సూదులే కావలసినవానికి అదే మెగ్నీషియము కొలతతో కలుపుకొనదగిన స్నేహితుడు. పిలువక వచ్చినచో కల్తీ, పిలిచి కూర్చుండబెట్టినచో తోడు.

కర్మాగారములలో వాడు తోడులు మరికొన్ని కలవు. చక్కెర, నిమ్మ ఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లము, రేణువులను సన్నము చేయుటకు వాడుదురు. పాలీఫాస్ఫేటులు మరింత సన్నము చేయును. ఆరగొనైటు కావలసినపుడు ముందుగా కొంచెము ఆరగొనైటునే విత్తనముగా చల్లుదురు. పొడి తయారైన పిదప స్టియరిక్ ఆమ్లము అను కొవ్వు పదార్థమును పూసినచో నీటితో కలియని పొడి ఏర్పడి, రబ్బరులోను ప్లాస్టిక్కులోను చక్కగా కలియును. వీనిలో ఏదియు ఒంటరిగా పనిచేయదు. వేడిమి, సున్నపు పాల చిక్కదనము, వాయువు వేగము, కలియబెట్టు తీరు కూడ లెక్కకు రావలెను. ఒక తోడు చల్లని తొట్టిలో చేసిన పని వేడి తొట్టిలో చేయకపోవచ్చును.

1996లో ఫాలినీ, అడ్డాడీ, వైనర్ మున్నగువారు ఈ కథకు మరియొక పుట చేర్చిరి. గుల్లలలో కొన్ని పొరలు కాల్సైటు, కొన్ని పొరలు ఆరగొనైటు. ఆయా పొరలనుండి తీసిన మాంసకృత్తుల వంటి పదార్థములను ప్రయోగశాలలో తగిన ఆధారముపై ఉంచగా, కాల్సైటు పొర పదార్థము కాల్సైటును, ఆరగొనైటు పొర పదార్థము ఆరగొనైటును కట్టించినవి. గుల్లలోని పురుగు కోట్ల సంవత్సరములుగా వాడుచున్న తోడు ఇది. రెయినీ చూచి ఆశ్చర్యపడినది ఇక్కడికి వచ్చి చేరినది.

పొలములోని గొట్టము

ఇంతవరకు కట్టుట చెప్పితిమి. కట్టకుండ ఆపుట కూడ తోడు పనియే. అనంతపురము జిల్లాకు ఇది చాల ముఖ్యము.

జిల్లాలో ఏటా పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. బోరునీటితో చీనీ, అరటి తోటలు పెంచు రైతు బొట్టుబొట్టును లెక్కపెట్టుకొనవలెను. 2003లో రాష్ట్ర ప్రభుత్వము సూక్ష్మ సేద్య పథకమును ఆరంభించిన పిదప డ్రిప్పు గొట్టములు ఈ సీమలో విస్తరించినవి. కాని సున్నపురాతి నేలలోనుండి వచ్చు బోరునీరు తరచు చవుడునీరు. భూమిలో ఒత్తిడివలన కరిగియున్న బొగ్గుపులుసు వాయువు నీరు పైకి రాగానే తప్పించుకొనును. ఎండకు గొట్టము వేడెక్కును. అప్పుడు నీటిలో కరిగియున్న కాల్షియం బైకార్బొనేటు విడిపోయి కాల్షియం కార్బొనేటు దిగును. కర్మాగారములో సరుకైనది డ్రిప్పరు కంతలో పక్కుగా మారి నీటిని ఆపును. చెట్టుకు నీరందని సంగతి ఆకు వాడిన తరువాతగాని తెలియదు.

ఇట్టి చిక్కు అమెరికాలో 1930లలో ఎదురైనది. అక్కడ పొలములకు పారు నీటిలో ఎరువుగా అమ్మోనియా కలుపగా, నీరు క్షారగుణము పొంది కాల్షియం కార్బొనేటు దిగి గొట్టములు, కాలువలు పూడుకొన్నవి. సోడియం హెక్సామెటాఫాస్ఫేటు అను పాలీఫాస్ఫేటు లవణమును కొలది మోతాదులో కలిపినచో పక్కు కట్టదని రోజెన్‌స్టైన్ అను రసాయనజ్ఞుడు 1936లో పేటెంటు పొందెను. 1940లో రైటెమైయర్, బ్యూరర్ అను వారు దాని మర్మమును పరీక్షించిరి. నీటిలో కాల్షియము వందల పాళ్ళలో ఉన్నను, ఫాస్ఫేటు పదిలక్షల పాళ్ళకు కొన్ని పాళ్ళు ఉన్నచో చాలుచున్నది. అది కాల్షియమును పట్టుకొని తొలగించుట లేదు. లెక్కకు అంత చాలదు. బీజమునకు అంటుకొని దానిని ఎదుగనీయకున్నది. పుట్టిన కొలది స్ఫటికములును వంకరటింకరగా ఉన్నవి. ఇటుకల వరుస చివర అడ్డముగా కూర్చుండుట ఇక్కడ ప్రత్యక్షముగా కనబడినది.

అయితే ఈ తోడు ముందు జాగ్రత్తకే పనికివచ్చును. ఇదివరకే కట్టిన పక్కును అది కరిగింపదు. దానికి ఆమ్లము కావలెను. డ్రిప్పు గొట్టములను ఆమ్లముతో శుభ్రపరచుట రైతులు ఎరిగినదే. ఆ పనిలో ఆమ్లమును నీటిలో పోయవలెనే గాని నీటిని ఆమ్లములో పోయరాదు. నీటిని పరీక్ష చేయించి, మోతాదును వ్యవసాయాధికారుల సలహాతో నిర్ణయించుకొనుట క్షేమకరము.

పుస్తకముల ఆయుస్సు

మన ఇండ్లలోని పాత పుస్తకములు కొన్ని పసుపువన్నె తిరిగి, ముట్టుకొన్నచో అంచులు పెళుసుగా విరిగిపోవుట అందరు చూచినదే. ఒకప్పుడు సిరా చెదరకుండుటకు కాగితపు ముద్దలో పటిక, రోజనము కలిపెడివారు. పటిక ఆమ్లగుణము కలది. అది కాలక్రమమున కాగితపు నారను కొరుకును. ఆమ్లములో కాల్షియం కార్బొనేటు పొంగి కరిగిపోవును కనుక ఆ కాగితములో దానిని నింపుటకు వీలులేకపోయెను. 1950లలో ఆమ్లము అక్కరలేని క్రొత్త ద్రవ్యములు వచ్చిన పిదప దారి తెరువబడినది. ఇప్పుడు కాగితములో నింపిన కాల్షియం కార్బొనేటు తెల్లదనము నిచ్చుటయే గాక, చేరబోవు ఆమ్లమును చంపి కాగితమును కాపాడుచున్నది.

1986లో అమెరికాలోని విస్కాన్సిన్ రాపిడ్స్ వద్ద కాగితపు మిల్లు ప్రక్కనే తెల్లపొడి కర్మాగారమును నెలకొల్పిరి. మిల్లు పొగగొట్టపు బొగ్గుపులుసు వాయువునే గొట్టముతో తెచ్చి సున్నపు పాలలోనికి పంపెడివారు. ఇట్టి జంట కర్మాగారములు పిదప లోకమంతట వ్యాపించి మన రాజమహేంద్రవరమునకును, ఒడిశాలోని రాయగడకును వచ్చినవి. కాగితమునకు పూరేకులవలె గుంపుగా పెరిగిన మొనదేరిన కాల్సైటు స్ఫటికములు మేలు. ఆ రేకుల సందులలో వెలుగు చెదరి, ఒక ప్రక్క అచ్చు రెండవ ప్రక్క కనబడదు. విద్యార్థి చేతిలోని పాఠ్యపుస్తకము కంటికి హాయిగా ఉండుటలో స్ఫటికపు ఆకారమునకు ఇంత భాగము కలదు.

తాడిపత్రికి కావలసినది

తాడిపత్రిలో బండలు కోసి నునుపు చేయునపుడు రాతిపొడి నీటితో కలిసి బురదగా వచ్చును. ఎండిన పిదప గాలికి లేచి పొలములపైనను, ఊపిరితిత్తులలోను చేరును. ముక్కలు, చెక్కలు గుట్టలుగా పడియుండును. స్టర్జ్ కంపెనీవారు వ్యర్థమునుండి సరుకు తీసినట్లు దీనినుండియు తీయరాదా యను ప్రశ్న సహజము.

జవాబు తొందరపడి చెప్పదగినది కాదు. బురదలోను ముక్కలలోను కాల్షియం కార్బొనేటుతోపాటు ఇసుకపాలు, బంకమట్టి, ఇనుము ఉండును. కాల్చునపుడు ఇసుకపాలు సున్నముతో కలిసి సరుకును చెరచును. ఇనుము తెల్లదనమును తగ్గించును. గనికి గని, పొరకు పొర తేడా. మంచి పొరనుండి వచ్చిన ముక్కలను వేరుగా పోగుచేయవలెను. కాల్షియము, మెగ్నీషియము, ఇసుకపాలు, ఇనుము పాళ్ళను కొలువవలెను. పిదపగాని ఏ తోడు ఎంత కావలెనో నిర్ణయించుటకు వీలులేదు. తెల్లపొడికి పనికిరానిది ఇటుకకో సిమెంటునకో పనికివచ్చును. రాతిని కాల్చుటకు ఇంధనము కావలెను, నీరు కావలెను. కరవుసీమలో నీటి లెక్కయే మొదటి లెక్క. బండను బండగానే అమ్మువానికి రాతి రంగు తెలిసిన చాలును. దానిని తెల్లపొడిగా అమ్మదలచినవానికి రాతిలోని తోడులు తెలియవలెను. సరుకు విలువ పెరుగుట ఈ తెలివివలననే.

బడిలో చేయదగిన ప్రయోగము

తోడు శక్తిని పాఠశాలలోనే చూపవచ్చును. రెండు సీసాలలో సమానముగా నీరు పోసి, ఒకదానిలో లీటరుకు 100 గ్రాముల చొప్పున చక్కెర కరిగింపుడు. రెండింటిలోను ఒకే కొలత తడి సున్నము, మిగిలిపోవునంత ఎక్కువగా, వేసి బాగుగా కుదిపి, ఒక రాత్రి కదల్పక ఉంచి, తేటలను వడగట్టుడు. సున్నము కంటికి తగిలినచో హాని కలుగును. ఉపాధ్యాయుడు దగ్గర నుండవలెను. ఒక్కొక్క తేటను పది మిల్లీలీటర్లు తీసికొని చిటికెడు పసుపు వేసినచో రెండును ఎర్రబడును. ఇప్పుడు పలుచని వినిగరును బొట్టుబొట్టుగా వేయుచు, ఎరుపు పోయి పసుపువన్నె వచ్చువరకు బొట్లు లెక్కపెట్టుడు.

మామూలు నీటిలో లీటరుకు సుమారు 1.7 గ్రాముల సున్నమే కరగును. చక్కెర నీటి తేటకు అంతకంటె ఎన్నో రెట్లు బొట్లు పట్టును. సున్నము మారలేదు, నీరు మారలేదు. చక్కెర తోడు ఎంత సున్నమును నీటిలోనికి దింపినదో బొట్ల లెక్కయే చెప్పును. బెల్లముతోను, ఉప్పుతోను అదే ప్రయోగము చేసి, ఫలితములను పట్టికగా వ్రాసి పోల్చి చూడుడు. ఏది తోడు, ఏది కాదు అని తేల్చుటకు వాటెర్ అనుసరించిన మార్గమును ఇదియే: ఒక్కొక్క ద్రవ్యమును విడిగా వేసి, తక్కినదంతయు సమానముగా ఉంచి, కొలిచి చూచుట.

గానుగలో బెల్లము వేసిన మేస్త్రీకి ఫలితము తెలిసినది, కారణము తెలియలేదు. నేటి విద్యార్థికి కారణము తెలియును. మేస్త్రీకి దగ్గరనున్న రాయి విద్యార్థికిని దగ్గరనే ఉన్నది. తమ ఊరి రాతిని, తమ బోరునీటిని తెచ్చి కొలుచుట నేర్చిన పిల్లలు పెన్నాతీరమున పెరిగినచో, ఈ సీమ బండలు అరుగులకే పరిమితము కానక్కరలేదు.